వెల్డింగ్ మిషన్ కొనేముందు ప్లగ్గు పాయింటు చూడండి

(ఇంట్లో చిన్న వర్క్‌షాపు పెట్టుకున్నవాళ్లు ఒక ఆదివారం ఉదయం తిరుపతిలో కలిసినప్పుడు మాట్లాడింది. రికార్డింగు విని రాశాం, మాట తీరు మార్చలేదు.)

వెనకాల వినిపిస్తోందా అన్నా? సరే, మైకు కొంచెం దగ్గరగా పెట్టుకుంటాను. నాది ముందే బొంగురు గొంతు.

ఒక మాట ముందే చెప్పేస్తున్నా, నేను వెల్డర్‌ని కాదు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. మా మిద్దె మీద ఒక రేకుల షెడ్డు ఉంది, అందులో పదేళ్లుగా ఇనుముతో కుస్తీ పడుతున్నాను. పూలకుండీల స్టాండ్లు, ఒక ఉయ్యాల, మా బావమరిది మామిడి తోటకు గేటు, ఇట్లాంటివి. నేను పెట్టిన మొదటి అతుకు చూసి మా ఆవిడ "ఇదేంది, వడియాలు పెట్టినట్టుంది" అన్నది. నిజంగానే అట్లా ఉండింది. ఇప్పుడు కొంచెం నయం, జంతికల దాకా వచ్చాను. (నవ్వులు)

నన్ను పిలిచినవాళ్లు "ఏ కంపెనీ వెల్డింగ్ మిషన్ కొనాలో చెప్పండి సార్" అన్నారు. అందరూ అడిగేది అదే. నేను మాత్రం కంపెనీ దగ్గర మొదలుపెట్టను, మీ ఇంటి ప్లగ్గు పాయింటు దగ్గర మొదలుపెడతాను. ఇవాళ ఇక్కడికి వచ్చినప్పుడు కూడా మొదట చూసింది స్టేజీ కాదు, ఆ మూల ఏసీ పాయింటు. ఎందుకో చెప్తాను.

నేను మొదటి మిషన్ కొన్నప్పుడు అట్టపెట్టె మీద 250 అని అరచెయ్యంత అంకె ఉండింది. షాపాయన "250 ఆంప్స్ సార్, ఇంక జీవితంలో ఇంకోటి కొనే పని లేదు" అన్నాడు. నేనూ సంతోషంగా ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి 10 నంబర్ రాడ్, అంటే కరిగి అతుకు వేసే పుల్ల, తగిలించి, గేటు యాంగిల్ మీద ఒకటిన్నర రాడ్డు కాల్చానో లేదో, ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే ఆపేసే స్విచ్చి, పడిపోయింది. ఎత్తాను, మళ్లీ పడింది. నాలుగోసారికి కింద నుంచి కేక, సీరియల్ మధ్యలో టీవీ పోయిందని. ఎలక్ట్రీషియన్ కుర్రాణ్ణి పిలిస్తే అతను మిషన్ వంక చూడనే లేదు, దాని ప్లగ్గు పట్టుకుని నా ముందు పెట్టి "సార్, ఈ మూడు పిన్నుల్లోంచి 250 ఎట్లా వస్తాది?" అన్నాడు. బ్యాంకులో ఇంతకాలం లెక్కలు చూసినవాణ్ణి, ఆ ఒక్క ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

ఆ లెక్కే ఇప్పుడు చెప్తాను, కాగితం ఉంటే రాసుకోండి. మిషన్‌కు రేటింగ్ ఇచ్చేటప్పుడు రాడ్ దగ్గర ఎన్ని వోల్టులు ఉంటాయనేదానికి ఒక సూత్రం ఉంది, ఆంపియర్లను 0.04తో గుణించి దానికి 20 కలపడమే. 200 ఆంప్స్‌కి 28 వోల్టులు వస్తాయి. రెండూ గుణిస్తే 5,600 వాట్లు. అది రాడ్ కొన దగ్గర కావలసింది. మిషన్ లోపల వేడిగా పోయేది ఇంకో పదిహేను శాతం దాకా ఉంటుంది, పైగా ఈ చిన్న ఇన్వర్టర్ మిషన్లకు, అంటే ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే తేలికవాటికి, ఇంట్లో బ్యాటరీ ఇన్వర్టర్ కాదు, పవర్ ఫ్యాక్టర్ అంత బాగుండదు, అంటే చేసే పనికి మించి కరెంటు లాగుతాయి, ఆ ఫ్యాక్టర్ సుమారు 0.7 అనుకోండి. అన్నీ కలిపితే 230 వోల్టుల దగ్గర గోడలోంచి లాగేది 40 ఆంప్స్ దాటుతుంది. మన గోడకు ఉండే పెద్ద ప్లగ్గు 16 ఆంప్స్‌ది! 250 అని రాసి 16 ఆంప్స్ ప్లగ్గు తగిలించి అమ్మితే, ఆ రెండింట్లో ఒకటి అబద్ధం. ప్లగ్గు అబద్ధం చెప్పదు. ఆ 250 చాలాసార్లు మోడల్ పేరు, అంతే.

ఇదే లెక్క కిందికి వేసుకుంటూ రండి. 12 నంబర్ రాడ్, అంటే 2.5 ఎంఎం రాడ్, దాన్ని 80 ఆంప్స్‌లో హాయిగా కాల్చవచ్చు. అప్పుడు గోడలోంచి పోయేది 13, 14 ఆంప్స్. మీ ఇంట్లో 16 ఆంప్స్ పాయింటుకు మంచి వైరింగ్ ఉంటే సరిపోయింది. 10 నంబర్, అంటే 3.15 ఎంఎం రాడ్, 120 ఆంప్స్ పెట్టారనుకోండి, 22 ఆంప్స్ లాగుతుంది. ఇంక ఆ పాయింటు పనికిరాదు. మీటర్ బోర్డు నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు లాగించి, సీ టైపు 25 ఆంప్స్ ఎంసీబీ పెట్టించి, ఇండస్ట్రియల్ ప్లగ్గు బిగించుకోవాలి. అది ఎలక్ట్రీషియన్ పని, మనది కాదు. కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్, అంటే మీ ఇంటికి ఒప్పుకున్న లోడ్, ఎంత ఉందో కూడా చూసుకోండి, ఒకటో రెండో కిలోవాట్లే రాసి ఉంటే ముందు అది పెంచుకోవాలి.

సాయంత్రం అందరూ ఏసీలు, మోటార్లు వేస్తే వోల్టేజి పడిపోతుంది కదా. ఇన్వర్టర్ మిషన్ అప్పుడు ఏం చేస్తుందంటే, రాడ్ దగ్గర అదే కరెంటు ఇవ్వడానికి గోడలోంచి ఇంకా ఎక్కువ లాగుతుంది. అందుకే పొద్దున బాగా పనిచేసిన ఎంసీబీ సాయంత్రం పడుతుంది. మిషన్ చెడిపోయిందనుకుని షాపుకు మోసుకుపోయిన వాళ్లను చూశాను. నేనే ఒకసారి మోసుకుపోయాను.

ఎక్స్‌టెన్షన్ బాక్సు సంగతి. 20 మీటర్ల చుట్ట, లోపల 1 స్క్వేర్ ఎంఎం వైరు, పెళ్లిళ్లలో సీరియల్ లైట్లకు వాడేది. పోవడానికి 20, రావడానికి 20, మొత్తం 40 మీటర్ల రాగి. 14 ఆంప్స్ లాగితే దాదాపు 10 వోల్టులు ఆ వైర్లోనే పోతాయి, అంటే 135 వాట్ల పైన వేడి ఆ చుట్టలోనే పుడుతుంది. చుట్ట విప్పకుండా వాడితే ఆ వేడి బయటికి పోయే దారి లేక, పైన ప్లాస్టిక్ మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుంటుంది. మా షెడ్డులో అట్లా అతుక్కున్న చుట్ట ఒకటి ఇప్పటికీ మేకుకు వేలాడుతోంది, కొత్తగా వచ్చినవాళ్లకు చూపిస్తుంటాను.

సరే, ప్లగ్గు అయింది. ఏ రకం మిషన్? మూడు నాలుగు రకాలున్నాయి గానీ నేను తేల్చేస్తాను. రాడ్ మిషన్, ఇన్వర్టర్‌ది, అది మొదలు. షెడ్లలో కనిపించే పాత ఆయిల్ ట్రాన్స్‌ఫార్మర్ మిషన్ ఏనుగు లాంటిది, ఎన్నేళ్లైనా చావదు, కానీ దాన్ని మిద్దె మీదికి ఎక్కించడానికి నలుగురు కావాలి, చాలావాటికి ఇంటి కరెంటు చాలదు. టిగ్, అంటే ఆర్గాన్ గ్యాసులో టంగ్‌స్టన్ సూదితో చేసేది, చాలా అందంగా ఉంటుంది, ఆర్గాన్ సిలిండరు, చేతి నిలకడ, ఓపిక, అన్నీ కావాలి. మిగ్, అంటే రాడ్డు బదులు వైరు దానంతటదే వచ్చేది, దాని గురించి చివర్లో ఎవరో ఒకరు అడుగుతారని నాకు తెలుసు, అప్పుడు చెప్తాను.

మిషన్ వెనకాల ఒక రేకు పట్టీ ఉంటుంది, చిన్న అక్షరాలు, కళ్లద్దాలు లేకుండా కనపడవు. అట్టపెట్టె వదిలేసి అది చదవండి. ఎక్స్ అని ఒక గడి, దాని పక్కన శాతాలు, కింద ఆంప్స్. డ్యూటీ సైకిల్ అంటారు. పది నిమిషాల్లో ఎంతసేపు కాల్చొచ్చో చెప్తుంది. 160 ఆంప్స్ దగ్గర 60 శాతం అంటే ఆరు నిమిషాలు కాల్చి నాలుగు నిమిషాలు ఊరుకోవాలి. ఇప్పుడు రెండు మిషన్లు పక్కపక్కన పెట్టండి, రెండూ 160 ఆంప్స్‌వే, ఒకటి 60 శాతం, ఇంకోటి 20 శాతం. మొదటిది ఆపకుండా 124 ఆంప్స్ దాకా ఇవ్వగలదు, రెండోది 72 దగ్గర చేతులెత్తేస్తుంది. పెట్టె మీద మాత్రం రెండింటికీ అదే అంకె.

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటుంది. ఆ శాతం కట్టేది 40 డిగ్రీల గాలిలో. మే నెలలో తిరుపతిలో నీడలోనే ఆ 40 దాటుతుంది, రేకుల కింద ఒంటిగంటకు ఎంతుంటుందో మీరే చెప్పండి. రోహిణి కార్తెలో నా మిషన్ పసుపు లైటు వెలిగించి పడుకుంటుంది, నేనూ కిందికి దిగి పడుకుంటాను. దాన్ని తప్పు పట్టను, ఆ లైటు వెలగడమే మంచిది. వేడెక్కినా ఆగకుండా పోయే మిషనే భయం.

అయితే ఒక నిజం కూడా చెప్పాలి. మనలాంటి వాళ్లకు డ్యూటీ సైకిల్ గురించి మరీ అంత టెన్షన్ అక్కర్లేదు. 2.5 రాడ్డు ఒకటి నిమిషం అటూ ఇటూ కాలుతుంది. తర్వాత స్లాగ్, అంటే అతుకు మీద గట్టిపడిన పెంకు, కొట్టాలి, బ్రష్ వెయ్యాలి, వంకర వచ్చిందే అని తిట్టుకోవాలి, రైట్ యాంగిల్ పెట్టి చూసుకోవాలి, టీ తాగాలి. పది నిమిషాల్లో మూడు నిమిషాలు కాలిస్తే గొప్ప. కాబట్టి 20 శాతం అని నిజాయితీగా రాసిన మిషన్‌ను నేను కొంటాను, ఏమీ రాయనిదాన్ని మాత్రం కొనను. ఎక్స్ గడి ఖాళీగా ఉన్నా, అసలు ఆ పట్టీయే లేకపోయినా, ఎంత తగ్గించినా వద్దు.

షాపులో ఏం చెయ్యాలి? ఇంటి నుంచి నాలుగు 3.15 రాడ్లు, ఒక 5 ఎంఎం మందం ఇనుప ఫ్లాటు ముక్క తీసుకుపోండి. మొహమాటం వద్దు, చీర కొనేటప్పుడు మడత విప్పి చూడమా? మూడు రాడ్లు వరసగా కాల్చనివ్వమని అడగండి. రాడ్ తాకించగానే తేలిగ్గా రాజుకోవాలి, సగం కాల్చి ఆపి మళ్లీ తాకిస్తే మళ్లీ రాజుకోవాలి, మూడో రాడ్డు మొదటిదాని లాగే పారాలి. ఫ్యాన్ చప్పుడు వినండి. ముందు డిస్‌ప్లేలో వెలిగే అంకెను మరీ నమ్మకండి, చాలా చిన్న మిషన్లలో అది మీరు తిప్పిన గుండీ అంకే గానీ నిజంగా పోయే కరెంటు కాదు. క్లాంప్ మీటరుతో కొలవొచ్చు, కానీ ఈ మిషన్ ఇచ్చేది డీసీ కాబట్టి డీసీ కొలిచే క్లాంప్ మీటర్ కావాలి, మామూలు ఏసీ క్లాంప్ పెడితే సున్నా చూపిస్తుంది, అప్పుడు మీరూ షాపాయనా పోట్లాడుకుంటారు.

కేబుళ్లు చూడండి. హోల్డరు దగ్గర కొంచెం తోలు వలిచి, ఒక పోగు తీసి బ్లేడుతో గీకండి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి. తెల్లగా బయటపడితే అల్యూమినియం మీద రాగి పూత. పెట్టెలో వచ్చే కేబులు చాలాసార్లు అదే, పొడుగూ రెండు బారలే ఉంటుంది. నేనైతే మిషన్ కొన్న రోజే 16 స్క్వేర్ ఎంఎం రాగి వెల్డింగ్ కేబులు, ఒక మంచి బరువైన ఎర్త్ క్లాంపు, అంటే మనం అతికే ఇనుమును కరిచి పట్టుకునేది, విడిగా కొనేస్తాను. కొత్తవాళ్లు "రాడ్ అంటుకుపోతోంది, మిషన్ వీకు" అంటారు, నేను పోయి చూస్తే సగంసార్లు ఎర్త్ క్లాంపు పెయింటు మీద కరిచి ఉంటుంది.

ఇప్పుడు అసలు కథ. నా రెండో మిషన్ మంచిది. పట్టీ ఉంది, నిజం రాసుంది, రెండేళ్లు బ్రహ్మాండంగా చేసింది. ఒక రోజు స్విచ్ వెయ్యగానే ఠప్ మని ఒక శబ్దం, కాలిన వాసన, అంతే. రిపేరు చేసే అబ్బాయి దగ్గరికి తీసుకుపోయాను. అతను మూత విప్పే ముందు కాసేపు ఆగాడు, ప్లగ్గు తీసినా లోపల కెపాసిటర్లలో 300 వోల్టుల పైన నిలవుంటుంది సార్ అని. అవి ఖాళీ చేసి, బోర్డు బయటికి తీసి, కింద దినపత్రిక పరిచి దాని మీద బోర్లించి మెల్లగా తట్టాడు. నల్లటి పొడి రాలింది, ఒక చెంచాడు. నేను మసి అనుకున్నాను. అతను పాత స్పీకరు అయస్కాంతం తీసుకుని పేపరు కింద ఆడించాడు, ఆ పొడంతా లేచి నిలబడింది, పిల్లి వీపు మీద వెంట్రుకల మాదిరి. "గ్రైండరు మిషన్ పక్కనే పెట్టి కోస్తావు కదా సార్" అన్నాడు. నేను నోరు మెదపలేదు. ఆ ఫ్యాను ఉంది చూశారా, అది గాలితో పాటు నా ఇనప రజను అంతా రెండేళ్లు పీల్చి బోర్డు మీద పరిచింది. కాస్త తేమ తోడైన రోజు బోర్డు మీది రెండు పిన్నుల మధ్య షార్టు అయింది. కంపెనీ తప్పు కాదు, కరెంటు తప్పు కాదు, నా తప్పు.

పొడితో పాటు ఒక ఎండిపోయిన బల్లి పిల్ల కూడా రాలింది. దాని తప్పు కూడా లేదు, వెచ్చగా ఉందని దూరింది. (నవ్వులు)

అప్పటి నుంచి కటింగ్ షెడ్డుకు ఆ చివర, మిషన్ ఈ చివర. పని అయ్యాక పాత దుప్పటి కప్పుతాను, వేడిగా ఉండగా కాదు, చల్లారాక. రెండు నెలలకోసారి బండికి గాలి కొట్టే చోట బయటి నుంచే గాలి పట్టిస్తాను. మీరు కొనేటప్పుడు అడగగలిగితే ఇది అడగండి, లోపలి బోర్డు మీద వార్నిష్ పూత ఉందా అని. పూత ఉన్న బోర్డు దుమ్మునూ చెమ్మనూ తట్టుకుంటుంది.

ఇక కంపెనీ. ఇప్పుడు చెప్తాను, ఒక్క మాటే. మన దేశంలో అడోర్ ఉంది, 1951లో అద్వానీ-ఓర్లికాన్ పేరుతో మొదలైంది. ఇసాబ్ ఉంది, 1904లో స్వీడన్‌లో పెట్టింది, రాడ్‌కు పూత పూయడం కనిపెట్టిన ఆస్కార్ షెల్‌బర్గ్ పెట్టిన కంపెనీ అది. ఆ పూతే లేకపోతే మనమెవరం ఇక్కడ ఉండం, అది కాలి పొగై కరిగిన ఇనుముకు గాలి తగలకుండా కాపాడుతుంది, స్లాగై పైన మూత వేస్తుంది. ఇవి కాక చైనా బోర్డులతో మన పేర్లు వేసుకుని వచ్చేవి లెక్కలేనన్ని, వాటిలోనూ మంచివి ఉన్నాయి. ఐదారు వేలకూ దొరుకుతుంది, దానికి రెట్టింపుకూ దొరుకుతుంది. నేను అడిగేది ఒక్కటే, ఠప్ మన్న రోజు దీన్ని ఎక్కడికి తీసుకుపోవాలి? రేణిగుంట రోడ్డులోనో, చిత్తూరులోనో బోర్డు దొరికి బాగుచేసే మనిషి ఉన్నాడంటే ఆ మిషన్ నాకు నమ్మకమైనది. వారంటీ కార్డు మీద ఉత్తరాదిలో ఎక్కడిదో అడ్రసు ఉండి, కొరియర్ ఖర్చు మనదే అంటే, తక్కువ ధర ఏం చేసుకుంటాం? కొనే ముందు రిపేరు కుర్రాళ్ల దగ్గరికి పోయి కూర్చోండి, మీ దగ్గరికి ఏవి ఎక్కువ వస్తున్నాయి, వేటికి సామాను దొరుకుతోంది అని అడగండి. వాళ్లకు తెలిసినంత అమ్మేవాడికి తెలియదు.

రాడ్లు 6013 రకం చాలు, ఐఎస్ 814, అంటే రాడ్లకు మన దేశపు ప్రమాణం, అని పెట్టె మీద ఉన్నవి. వానాకాలం మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టుకోండి. 7018 జోలికి ఇప్పుడే పోకండి, దాన్ని 300 డిగ్రీల పైన ఎండబెట్టాలి, ఇంట్లో ఓవెను ఇవ్వరు.

మిషన్ మీద పెట్టే డబ్బులో కొంత మిగిల్చి మొహానికి పెట్టండి. 80 నుంచి 150 ఆంప్స్ మధ్య 10 లేక 11 నంబర్ అద్దం కావాలి. నంబరే లేని నల్లద్దాలు అమ్ముతారు, అవి వద్దు. వెల్డింగ్ వెలుగు కంటికి కొడితే వెంటనే తెలియదు, ఆరేడు గంటల తర్వాత, నడిరాత్రి, కంట్లో గుప్పెడు ఇసుక పోసినట్టు ఉంటుంది. ఒకసారి నాకు అయింది, పక్కింటి పెద్దమ్మ తల్లిపాలు పొయ్యమంది, ఇంకొకరు ఆలుగడ్డ చక్రాలు పెట్టమన్నారు. అవేవీ వద్దు, కళ్ల డాక్టరు దగ్గరికి పోండి. లుంగీ, హవాయి చెప్పులు, నైలాను చొక్కా, ఇవి తీసేసి అప్పుడు మిషన్ ముట్టుకోండి. జీఐ పైపు వెల్డ్ చేస్తే తెల్లటి పొగ వస్తుంది చూశారా, అది జింకు, పీలిస్తే రాత్రికి చలి జ్వరం వస్తుంది. గ్రైండరుతో పూత గీకేసి, గాలి ఉన్న చోట చెయ్యండి. ఇంకోటి, పాత ఇళ్లల్లో మూడో పిన్నుకు వైరే ఉండదు. ఎర్త్ లేకుండా ఈ మిషన్ వాడొద్దు.

ఏమ్మా, అడగండి. మిగ్, అదిగో! గ్యాసు లేకుండా ఫ్లక్స్ కోర్ వైరుతో, అంటే రాడ్ పూత లాంటి మందు లోపల నింపిన వైరుతో, నడిచే చిన్న మిగ్ వస్తోంది, నిజమే. 18 గేజ్ స్క్వేర్ పైపుతో సోఫా ఫ్రేములు, గూళ్లు, ఇవే మీ పని అయితే అది నిజంగా సుఖం. 1.2 ఎంఎం రేకును రాడ్డుతో కన్నం పడకుండా అతకడానికి నాకు మూడేళ్లు పట్టింది. కానీ వైరు ఖరీదు, తుంపర్లు ఎక్కువ, రోలర్లు, లైనరు, టిప్పు, చెడేవి ఎక్కువ. రిపేరు మనిషి ఉన్నాడా అనే ప్రశ్న దానికి రెండింతలు అడగాలి.

సెకండ్ హ్యాండా సామీ? ఇన్వర్టర్ అయితే మూత విప్పి చూడనిస్తేనే. వాళ్లచేతే విప్పించండి, పొడి ఎంతుందో చూస్తే మిగతా కథ తెలిసిపోతుంది.

నేను నా మిషన్ తెచ్చాను. ఆ ఏసీ పాయింటు వెనకాల ఏ వైరు ఉందో వాచ్‌మన్ అన్నతో బోర్డు దాకా పోయి చూసుకున్నాను, 4 స్క్వేర్ ఎంఎం వైరే, ఎర్త్ ఉంది, ఏసీ ఆపేశాం. ఎవరైనా ముగ్గురు రండి, తలా ఒక రాడ్డు కాల్చండి. మాస్కులు రెండే ఉన్నాయి. మిగతావాళ్లు ఆ గోడ వైపు తిరగండి, పిల్లల్ని బయటికి పంపండి. అమ్మా, మీరు పైన ఫ్యాన్ చూస్తూ ఉండండి, వోల్టేజి పడి స్పీడు తగ్గితే చెప్పండి.